మారిషస్‌లో జెండాల దారి: మహేబూర్‌లో మొదలుపెట్టండి

మారిషస్ ప్యాకేజీల్లో చరిత్రకు దక్కేది రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక పూట. ఈ దీవిని ఎవరెవరు ఏలారో అర్థం కావాలంటే ఆ వరస తిరగేయాలి. విమానాశ్రయానికి దగ్గర్లోనే ఆగ్నేయ తీరాన ఉన్న మహేబూర్‌లో రెండు రాత్రులుండి, ఆ తర్వాత రాజధానికి వెళ్లండి. ఊళ్లో దొరికేవి ఎక్కువగా చిన్న గెస్ట్‌హౌస్‌లే. స్నానానికి మంచి బీచ్ కావాలంటే బ్లూ బే దాకా వెళ్లాలి. ఉత్తరాన గ్రాండ్ బేలో గది తీసుకుంటే మాత్రం రోజులో సగం రోడ్డు మీదే పోతుంది.

డచ్చివాళ్లు 1598లో దిగింది మహేబూర్‌కు కాస్త ఉత్తరాన, వ్యూ గ్రాండ్ పోర్ట్ దగ్గర. 1638లో అక్కడే కోట కట్టారు, జావా నుంచి చెరకు తెచ్చారు, 1710లో దీవి వదిలేశారు. ఇప్పుడు మిగిలినవి మొండిగోడలు, ఒక చిన్న మ్యూజియం. గంట చాలు.

అసలు చూడాల్సింది ఎదురుగా ఉన్న సముద్రం. 1715లో ఫ్రెంచివాళ్లు దీవిని తమదిగా ప్రకటించారు (వాళ్ల జెండా కూడా విప్లవం తర్వాత మారిందనుకోండి). 1810 ఆగస్టులో ఇంగ్లీషువాళ్లు రేవు ముఖద్వారంలోని ఇల్ ద లా పాస్ అనే చిన్న దీవి మీది కోటను పట్టుకుని, దాని మీద ఫ్రెంచి జెండానే ఉంచేశారు. అది చూసి ఫ్రెంచి ఓడలు ధీమాగా లోపలికొచ్చాయి. కాల్పులు మొదలుపెడుతూ హడావుడిగా దించిన ఆ జెండా నిప్పుల కుంపటి మీద పడి అంటుకుంది. మంటలు పక్కనున్న తూటాలకు పాకి, కోటలోని ఇంగ్లీషు సైనికులే కొందరు చచ్చిపోయారు. తర్వాతి రోజుల్లో వాళ్ల యుద్ధనౌకలు తెలియని పగడపు దిబ్బల మీద ఇరుక్కున్నాయి. నాలుగింటిలో ఒక్కటీ మిగల్లేదు. గాయపడిన ఇరుపక్షాల నాయకులు ద్యుపెర్రే, విల్లోబీలకు ఒకే ఇంట్లో వైద్యం చేశారు. మహేబూర్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియం ఆ ఇల్లే. కోట వైపు బోటు మాట్లాడుకుంటే ఆ చిన్న దీవి మీద దిగనిస్తారా, చుట్టూ తిప్పి తెస్తారా అన్నది ముందే తేల్చుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయపు గాలి జోరుగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మేలు.

ఫ్రెంచివాళ్ల ఆ గెలుపు నాలుగు నెలలైనా నిలవలేదు. నవంబరు 29న ఇంగ్లీషు సైన్యం ఉత్తరాన కాప్ మల్యురు దగ్గర దిగింది, డిసెంబరు 3న ఫ్రెంచివాళ్లు లొంగిపోయారు. ఒప్పందం ప్రకారం జనం భాష, మతం, చట్టాలు అలాగే ఉండనిచ్చారు. 157 ఏళ్లకు పైగా సాగిన బ్రిటిష్ పాలన తర్వాత కూడా బోర్డులు, వీధుల పేర్లు ఫ్రెంచిలో కనిపించేది అందుకే.

పోర్ట్ లూయిస్‌కు బస్సులున్నాయి, చిల్లర దగ్గరుంచుకోండి. సాయంత్రం త్వరగా ఆగిపోతాయి. మెట్రో రైలు పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ పట్టణం దాకే, విమానాశ్రయం వైపు రాదు. టాక్సీ ఎక్కేముందే బేరం తెగాలి.

రాజధానిలోని ప్లాస్ దార్మ్ కూడలిలో తాటిజాతి చెట్ల వరసకు సముద్రం వైపు చివర లాబూర్దొనే విగ్రహం ఉంటుంది. 1746లో మద్రాసును పట్టుకున్న ఈ దీవి ఫ్రెంచి గవర్నరు ఆయనే. అటు చివర ప్రభుత్వ భవనం ముందు విక్టోరియా రాణి. ఒప్పంద కూలీలు ఓడ దిగిన రేవు ఆప్రవాసీ ఘాట్‌ను మాత్రం తొందరగా ముగించకండి. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది కూలీలు ఇక్కడికి చేరారు. వాళ్లలో కోరంగి, విశాఖ రేవుల నుంచి వచ్చిన మనవాళ్లూ ఉన్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఆదివారం వెళ్తే ఘాట్ తలుపులు మూసి ఉంటాయి.

చివరగా ఎండ తగ్గాక సిటాడెల్ కోట ఎక్కండి. కింద కనిపించే గుర్రప్పందేల మైదానం షాంప్ ద మార్స్. 1968 మార్చి 12న బ్రిటిష్ జెండా యూనియన్ జాక్ దిగి, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ పట్టీల జెండా ఎగిరింది అక్కడే. ఎరుపు స్వాతంత్ర్య పోరాటానికి, నీలం హిందూ మహాసముద్రానికి, పసుపు స్వేచ్ఛ తెచ్చిన వెలుగుకు, ఆకుపచ్చ వ్యవసాయానికి గుర్తు. అదే తేదీన 1992లో దేశం గణతంత్రమైంది. ఆ పండుగ చూడాలని మార్చిలో వెళ్తే తుఫాన్ల కాలమని గుర్తుంచుకోండి. మూడో స్థాయి హెచ్చరిక వచ్చిందంటే బస్సులు, దుకాణాలు, మ్యూజియాలు అన్నీ బంద్. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా అట్టిపెట్టుకోండి.