బెజవాడ రాజధాని అయి ఉంటే: మూడేళ్లు వాడాక మా తొమ్మిది నియమాలు

1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు కాకుండా బెజవాడ రాజధాని అయి ఉంటే? ఈ ఊహ పట్టుకుని ఆరుగురం కలిసి నవల మొదలుపెట్టి మూడేళ్లయింది. నలుగురిది విజయవాడ, ఇద్దరిది గుంటూరు. మొదటి రోజే లెనిన్ సెంటర్‌లో టీ తాగుతూ ఒక కాగితం మీద తొమ్మిది నియమాలు రాసుకున్నాం. నవల సంగతి పక్కన పెట్టి, ఆ కాగితం ఎంత పనికొచ్చిందో చెబుతాను.

బాగా పనిచేసింది రెండో నియమం: చరిత్ర దారి మారిన మలుపు తర్వాత ఏది మారినా దానికి కారణమూ, పట్టే కాలమూ చూపించాలి. మూడో అధ్యాయంలో మా మాస్టారొకాయన 1954లోనే ఎమ్మెల్యేల కార్లను ప్రకాశం బ్యారేజీ మీద పరుగెత్తించారు. అది పూర్తయింది 1957లో. అంతకుముందున్న ఆనకట్ట 1952లో తెగింది. "రాజధాని వచ్చింది కాబట్టి తొందరగా కట్టారనుకోండి" అన్నారాయన. ఏడాదిలో కట్టడానికి అదేమైనా పెళ్లిపందిరా? కార్లు తీసేసి అందరినీ రైలెక్కించాం. అధికార పక్షం, ప్రతిపక్షం ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చింది. నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే.

నాలుగోది మమ్మల్ని ఏడిపించింది: దక్కినదాన్ని రాస్తే పోయినదాన్నీ రాయాలి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతానికి దక్కవు. రాజధాని కర్నూలుకు వెళ్లింది కాబట్టే 1954లో హైకోర్టు గుంటూరుకు వచ్చింది. మరి రాజధాని బెజవాడ అయితే హైకోర్టు సీమకు పోవాలి కదా! మా గుంటూరు లాయరు గారు ఒప్పుకుంటారా? "మా కోర్టు పోగొట్టి మీరు రాజధాని తెచ్చుకుంటారా?" అని రెండు నెలలు గొడవ. నిజానికి ఆ కోర్టు 1956లో హైదరాబాదు వెళ్లిపోయింది, అయినా ఆయన వదల్లేదు. చివరికి కోర్టు రాని గుంటూరు గురించి ఆయనే ఒక అధ్యాయం రాశారు. మేం ఎవరం రాసినా అంత బాగా వచ్చేది కాదు.

ఓటింగ్ నియమం మాత్రం పూర్తిగా ఫెయిల్. ఏ తగువైనా నాలుగుకు రెండే. గుంటూరు వాళ్లు ప్రతిసారీ ఓడిపోయి మాట్లాడటమే మానేశారు. ఏడాది తర్వాత దాన్ని కొట్టేశాం. ఇప్పుడు ఎవరి అధ్యాయానికి వాళ్లదే తుది మాట, కాకపోతే ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి.

పదిహేను రోజుల గడువు గురించి చెప్పేదేం లేదు. మార్చిలో బ్యాంకు వాళ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో అందరూ మాయం.

సొంత కులాన్నీ సొంత ఇంటినీ పైకెత్తడానికి చరిత్ర మార్చకూడదన్నది ఏడో నియమం. రాసుకునేటప్పుడు నవ్వాం. ఆరు నెలలకే ఒకాయన వాళ్ల తాతగారిని రెవెన్యూ మంత్రిని చేసేశాడు. నిజంగా బతికినవాళ్ల నోట అనని మాటలు పెట్టకూడదని ఇంకొకటి ఉంది. అందుకే మా నవలలో ప్రకాశం గారు పక్కగదిలోనే ఉంటారు, బయటికొచ్చి మాట్లాడరు. మొదట్లో ఇబ్బందిగా అనిపించింది, ఇప్పుడు ఆ తలుపు చూస్తేనే ఆసక్తి పుడుతుంది.

తొమ్మిదోది: గాలీ వానా మారవు. కాబట్టి 1977 నవంబరు 19న దివిసీమకు ఉప్పెన రావాల్సిందే. రాజధాని ఇంత దగ్గర్లో ఉంటే జనాన్ని ముందే తరలించేవాళ్లు, చావులు తగ్గించి రాద్దామని నేనన్నాను. మాలో పెద్దాయన పుట్టింది అవనిగడ్డ వైపు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా మేనత్తను కథలో బతికించకండి" అన్నారు.

నాలుగు నెలలుగా ఆ అధ్యాయం అక్కడే ఆగి ఉంది. దీనికి మా కాగితంలో నియమం లేదు.