హెచ్‌ఎస్‌ఏ డబ్బు ఊరికే పడుండకూడదంటే: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

హెచ్‌ఎస్‌ఏ అంటే హెల్త్ సేవింగ్స్ అకౌంట్, అమెరికాలో అధిక డిడక్టబుల్ ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా. దాంట్లో చాలాకాలంగా వాడుతున్న ఏర్పాటు ఇది. జీతం నుంచి కోత ముందుగా ఆఫీసు ఎంచిన హెచ్‌ఎస్‌ఏలో పడుతుంది. అక్కడి నుంచి ఏడాదికి రెండుసార్లు ఫిడెలిటీ అనే పెట్టుబడి సంస్థలో సొంతంగా తెరిచిన హెచ్‌ఎస్‌ఏకి బదిలీ. అక్కడ రెండు ఇండెక్స్ ఫండ్లు (మార్కెట్ సూచీని అనుసరించేవి), పక్కన కొంత నగదు. తీర్పు ముందే చెప్పేస్తాను: కాస్త పని పెడుతుంది, ఆ పనికి తగ్గ ఫలితం ఉంది. ఏ ఫండ్ మంచిదని వారాల తరబడి వెతికేవాళ్లు ముందు ఖాతా రుసుముల కాగితం చదవాలి. ఈ ఖాతాల్లో డబ్బు కారిపోయేది ఎక్కువగా అక్కడే.

నేరుగా ఫిడెలిటీలోనే జమ చేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, ఆదాయపు పన్ను మినహాయింపూ వస్తుంది. కానీ జీతంలోంచే కోత పడితే జీతం మీద పడే సోషల్ సెక్యూరిటీ (పింఛను) పన్ను 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) పన్ను 1.45 శాతం కూడా తప్పుతాయి. బయట నుంచి జమ చేస్తే అవి తప్పవు. 2026లో కుటుంబానికి జమ పరిమితి 8,750 డాలర్లు, ఒక్కరికైతే 4,400. కంపెనీ వేసే సొమ్ము కూడా ఇందులోకే వస్తుంది. 8,750 మీద 7.65 శాతం అంటే దాదాపు 669 డాలర్లు. జీతం 1,84,500 డాలర్లు దాటినవాళ్లకు (ఆపైన సోషల్ సెక్యూరిటీ పన్ను ఎలాగూ పడదు) మిగిలేది మెడికేర్ భాగమే, సుమారు 127. అయినా ఏటా వచ్చే డబ్బు కదా, వదులుకోవడం ఎందుకు? అందుకే జమ ఆఫీసు ఖాతాలో, పెట్టుబడి బయట ఖాతాలో.

ఇక రుసుములు. ఆఫీసు ఖాతాల్లో కొన్ని నెలకు స్థిర రుసుము తీసుకుంటాయి. నెలకు 3 డాలర్లంటే చిన్నగానే కనిపిస్తుంది. ఖాతాలో 2,000 ఉన్నప్పుడు ఏడాదికి 36 డాలర్లు, అంటే 1.8 శాతం. ఎంత చవకైన ఇండెక్స్ ఫండ్ ఎంచుకున్నా ఆ కోత ముందు దాని వల్ల వచ్చే ఆదా నిలవదు. ఇంకొన్ని పెట్టుబడి విలువ మీద శాతం తీసుకుంటాయి. నెలకు 0.03 శాతం, గరిష్ఠంగా 10 డాలర్లు అనే పద్ధతిని చూడండి: 5,000 డాలర్ల మీద ఏడాదికి 18, 20,000 మీద 72. 33,333 దాటాక ఏడాదికి 120 దగ్గర ఆగిపోతుంది. లక్ష డాలర్లున్నవాళ్లకు అది 0.12 శాతమే, కాబట్టి పెద్ద నిల్వ ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోయినా పెద్ద నష్టం లేదు. దెబ్బ తగిలేది మధ్యలో ఉన్నవాళ్లకు. ఫిడెలిటీలో సొంతంగా తెరిచే హెచ్‌ఎస్‌ఏకి ఖాతా రుసుము లేదు, పెట్టుబడికి కనీస నిల్వ షరతూ లేదు.

కనీస నిల్వ సంగతి తేలిగ్గా తీసుకోకండి. చాలా ఆఫీసు ఖాతాల్లో మొదటి 1,000 లేదా 2,000 డాలర్లు నగదుగానే ఉండాలి, ఆపైదే పెట్టుబడికి వెళ్తుంది. ఆ నగదు మీద వడ్డీ నామమాత్రం. అంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి: మొదటిసారి ఫండ్ కొంటారు, ఇక ప్రతి జమా అందులోకే పోతుందనుకుంటారు. పోదు. కొత్త జమ నగదుగానే పడుతుంది. నిర్ణీత నిల్వ దాటిన మొత్తం దానంతట అదే పెట్టుబడికి వెళ్లే ఆటో-ఇన్వెస్ట్ అమరిక విడిగా ఆన్ చేయాలి. అది చేయక మూడు నాలుగేళ్ల జమలు నగదుగానే ఉండిపోయిన ఖాతాలున్నాయి. ఇప్పుడే ఖాతా తెరిచి ‘క్యాష్’, ‘ఇన్వెస్ట్‌మెంట్’ అనే రెండు అంకెలు విడివిడిగా చూడండి.

బదిలీలో పొరపాట్లు జరిగేవి కొన్ని చోట్లే. పాత ఖాతాలో ఫండ్లుంటే ముందు అమ్మి నగదు భాగంలోకి తెచ్చుకోవాలి, లేకపోతే అభ్యర్థన తిరస్కరించి పంపేస్తారు. అమ్మాక రెండు మూడు పనిదినాలు ఆగి, కొత్త సంస్థ వైపు నుంచి బదిలీ మొదలుపెట్టాలి. ‘ట్రస్టీ టు ట్రస్టీ’ బదిలీ (డబ్బు సంస్థ నుంచి సంస్థకే వెళ్లేది) అనే ఎంచుకోవాలి. ఇది ఏడాదికి ఎన్నిసార్లయినా చేయొచ్చు. డబ్బు మీ చేతికి వచ్చి 60 రోజుల్లో తిరిగి వేసే రోలోవర్ పన్నెండు నెలల్లో ఒక్కసారే, గడువు దాటితే పన్ను, పైన 20 శాతం జరిమానా. ఇంకా అదే కంపెనీలో పనిచేస్తుంటే ‘పాక్షిక బదిలీ’ అని స్పష్టంగా రాయండి, కొంత నిల్వ వదలండి. మొత్తం లాగితే ఖాతా మూసేసి ముగింపు రుసుము పట్టుకుంటారు, తర్వాతి జీతం కోత ఎక్కడికీ పోలేక ఆగుతుంది. చాలాచోట్ల ఇంకా చెక్కు పోస్టులోనే వెళ్తుంది. రెండు మూడు వారాలు ఆ డబ్బు మార్కెట్ బయటే ఉంటుంది. నెలనెలా బదిలీ చేయకుండా ఏడాదికి రెండుసార్లతో ఆపడానికి కారణం ఇదే.

చెక్కు చేరాక కొత్త ఖాతాలో అది ‘బదిలీ’గా నమోదైందో, ఈ ఏటి ‘జమ’గా నమోదైందో తప్పక చూడండి. జమగా పడితే పరిమితి దాటినట్టు లెక్క వస్తుంది. అదనపు జమ మీద ఏటా 6 శాతం పన్ను. రికార్డు సరిచేయించాలంటే ఫోన్ చేయాల్సిందే, ఆ ఏడాది రిటర్న్ వేయకముందే చేయాలి.

ఫండ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఫిడెలిటీ ఫండ్లలో మొత్తం అమెరికా మార్కెట్‌కి ఎఫ్‌ఎస్‌కేఏఎక్స్, ఏటా ఖర్చు 0.015 శాతం, బయటి దేశాలకి ఎఫ్‌టీఐహెచ్‌ఎక్స్, 0.06 శాతం. ఈటీఎఫ్ (షేరులా కొని అమ్మే ఫండ్) కావాలంటే వీటీఐ. ఆఫీసు ఖాతా జాబితాలో టార్గెట్ డేట్ ఫండ్ (రిటైరయ్యే సంవత్సరం పేరుతో ఉండేది) కనిపిస్తే పేరు చూసి కాక ఖర్చు శాతం చూసి ఎంచుకోండి. ఒకే సంవత్సరం పేరుతో చాలా ఖరీదైన రకం, చాలా చవకైన రకం రెండూ ఉంటాయి.

ఫ్రీమాంట్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ ఆగాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు హెచ్‌ఎస్‌ఏని గుర్తించవు. జమకు రాష్ట్ర పన్ను మినహాయింపు లేదు, డివిడెండ్లకూ అమ్మిన లాభానికీ ఏటా రాష్ట్ర పన్ను కట్టాలి. అసలు ఇబ్బంది ఏమిటంటే, హెచ్‌ఎస్‌ఏకి సంస్థలు 1099-డివ్ (డివిడెండ్ల లెక్క చూపే పన్ను ఫారం) పంపవు. స్టేట్‌మెంట్లు తెరిచి డివిడెండ్లు మీరే కూడుకోవాలి, తిరిగి పెట్టుబడి అయిన ప్రతి డివిడెండ్ కొన్న ధరా రాసుకోవాలి. ఇతర రాష్ట్రాల్లో ఫండ్ మార్చడం పన్ను లేని పని, ఈ రెండింట్లో కాదు. అందుకే ఫిడెలిటీ జీరో ఫండ్లు ఇక్కడ నప్పవు: ఖర్చు సున్నా అయినా వేరే సంస్థకి తరలించలేరు, వెళ్లాలంటే అమ్మాల్సిందే. నగదు భాగానికి కాలిఫోర్నియావాళ్లు ట్రెజరీ మనీ మార్కెట్ ఫండ్ వాడితే, అది ప్రతి త్రైమాసికంలో సగం ఆస్తులు అమెరికా ప్రభుత్వ పత్రాల్లో ఉంచే షరతు తీరిస్తే, ఆ వడ్డీకి రాష్ట్ర పన్ను పడదు. డాలస్, హ్యూస్టన్ వాళ్లకు ఈ పేరా అవసరమే లేదు, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు.

నగదు ఎంత ఉంచాలి? బయట అత్యవసర పొదుపు ఉంటే హెచ్‌ఎస్‌ఏలో డిడక్టబుల్ (బీమా కట్టడం మొదలుపెట్టే ముందు మీరు భరించే మొత్తం) అంత చాలు, లేకపోతే మీ ప్లాన్ ఔట్ ఆఫ్ పాకెట్ గరిష్ఠం (ఏడాదిలో మీరు భరించాల్సిన అత్యధిక మొత్తం) అంత. బిల్లులు జేబులోంచి కట్టి రసీదులు దాచి, డబ్బును పెరగనిచ్చి తర్వాత తీసుకునే పద్ధతిని గట్టిగా సిఫారసు చేస్తాను. ఖాతా తెరిచిన తేదీ తర్వాతి ఖర్చయితే తీసుకోవడానికి గడువు లేదు. రసీదులో రోగి పేరు, చికిత్స తేదీ, సేవ, మొత్తం ఉండాలి. ఇన్సూరెన్స్ పంపే ఈఓబీ (ఏది ఎంత కట్టిందో చెప్పే వివరణ పత్రం) కూడా జతచేయాలి. కార్డు స్లిప్పు ఒక్కటే పనికిరాదు. థర్మల్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఆరోజే స్కాన్ చేయండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పంటి చికిత్స, కంటి ఆపరేషన్ చేయించుకుంటే ఆ ఖర్చు చెల్లుతుంది. బిల్లు మీద డాక్టర్ పేరు, చికిత్స వివరం రాయించుకుని, ఆరోజు డాలర్ రేటు పక్కన నోట్ చేసుకోండి. అక్కడి నుంచి మందులు తెచ్చుకుని అమెరికాలో వాడితే సాధారణంగా చెల్లవు. అమ్మానాన్నల బిల్లుల దగ్గరే చాలామంది తప్పు చేస్తున్నారు. ఇండియాలో ఉండేవాళ్లు, విజిటర్ వీసా మీద కొన్నాళ్లకు వచ్చేవాళ్లు పన్ను చట్టం ప్రకారం సాధారణంగా డిపెండెంట్లు (మీ పోషణలో ఉన్నవాళ్లు) కారు, వాళ్ల ఆసుపత్రి ఖర్చుకి ఈ డబ్బు తీస్తే పన్నుతో పాటు 20 శాతం జరిమానా. గ్రీన్‌కార్డు ఉండి, పోషణలో సగానికి పైగా మీరే భరిస్తుంటే లెక్క మారుతుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇంకో చిక్కు. ఒకరు ఆఫీసులో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు ఆఫీసు ఇచ్చే మరో రకం పన్ను రాయితీ ఖాతా) తీసుకుంటే రెండోవారికి హెచ్‌ఎస్‌ఏ జమ చేసే అర్హత పోతుంది. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌కి (ఏటా బీమా ప్లాన్ ఎంచుకునే సమయానికి) ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. దంతాలకీ కళ్లకీ మాత్రమే వాడే పరిమిత ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఫరవాలేదు. మీ ప్లాన్ మీద ఉన్న 26 ఏళ్లలోపు పిల్లలు మీ డిపెండెంట్లు కాకపోతే వాళ్ల ఖర్చు మీ ఖాతాలోంచి తీయకూడదు. కానీ వాళ్లు సొంత హెచ్‌ఎస్‌ఏ తెరిచి కుటుంబ పరిమితి మొత్తం జమ చేసుకోవచ్చు. 65 దాటాక మెడికేర్‌లో చేరేవాళ్లకు పార్ట్ ఏ (ఆసుపత్రి బీమా భాగం) ఆరు నెలల వెనక్కి వర్తించవచ్చు, కాబట్టి జమ ఆరు నెలల ముందే ఆపాలి.

ఇండియాకి తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు బయల్దేరే ముందే రెండు పనులు పూర్తి చేయండి. అమెరికా చిరునామా మారాక చాలా బ్రోకరేజీలు కొత్తగా మ్యూచువల్ ఫండ్లు కొననివ్వవు, అందుకని నగదును ముందే కావలసిన ఫండ్లలో పెట్టేయాలి. రెండోది బెనిఫిషియరీ (మీ తర్వాత ఖాతా దక్కేవాళ్ల) పేరు. జీవిత భాగస్వామి పేరుంటే ఖాతా హెచ్‌ఎస్‌ఏగానే వారి పేరు మీదకు మారుతుంది. పిల్లల పేరుంటే మీరు చనిపోయిన రోజుతో హెచ్‌ఎస్‌ఏ ముగిసి, మొత్తం విలువ ఆ ఏడాది వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. బదిలీతో కొత్త ఖాతా తెరిచినప్పుడు పాత ఖాతాలో రాసిన బెనిఫిషియరీ వెంట రాడు, మళ్లీ రాయాలి.