పీహెచ్‌డీ గదిలో నాలుగేళ్లు: ఒక లీటరు రైస్ కుక్కర్‌తో నా అనుభవం

ఎమ్మెస్సీలో నాతో చదివిన స్నేహితులు ఫోను చేసినప్పుడు థీసిస్ ఎంతవరకు వచ్చిందని ఒకసారి అడిగితే, ఏం తింటున్నావని నాలుగుసార్లు అడుగుతారు. మొదటి ప్రశ్నకు నా దగ్గర చిన్న జవాబే ఉంది: ప్రయోగాలు అయిపోయాయి, నాలుగో అధ్యాయం రాస్తున్నాను. రెండో ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పాలంటే మాత్రం విజయవాడ సింగ్‌నగర్‌లోని నా అద్దెగదిలో, కిటికీ పక్కన చెక్కబల్ల మీద ఉండే ఒక లీటరు రైస్ కుక్కర్ గురించి చెప్పాలి. 2021 నవంబరులో, పరిశోధనలో చేరిన నెలలోనే, బీసెంట్ రోడ్డులో 1,650 రూపాయలకు కొన్నాను. పండగలకు ఊరికి వెళ్లిన రోజులు, వరదలొచ్చిన ఆ వారం తప్పిస్తే ఈ నాలుగేళ్లలో అది పని చేయని రోజు దాదాపు లేదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే మీట నొక్కే కుక్కర్లన్నీ లోపల ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి, నేను చెప్పేది వాటిలో చాలావాటికి వర్తిస్తుంది.

నేను ఈ కుక్కర్‌ను మెచ్చుకోవడానికి కారణం రుచి కాదు, పొదుపు కూడా కాదు. అది తనంతట తాను ఆగిపోతుంది. పొద్దున్న ఐదున్నరకు లేచి బియ్యం కడిగి, ఎసరు పోసి నానబెడతాను. ఇరవై నిమిషాలయ్యాక మీట నొక్కి, ముందురోజు ప్రయోగాల అంకెలను నోటుపుస్తకంలోంచి కంప్యూటరులోకి ఎక్కిస్తూ కూర్చుంటాను. స్టవ్ మీద అన్నం పెట్టినప్పుడు మనసులో ఒక మూల ఆ గిన్నె మీదే ఉంటుంది. పొంగిందేమో, మాడిందేమో అని రెండు వరుసలకోసారి లేచి వెళ్తాం. కుక్కర్ 'టక్'మని ఆగేవరకు దాని గురించి ఆలోచించనక్కర లేదు కాబట్టి రోజుకు ముప్ఫై నలభై నిమిషాల చదువు ముక్కలు కాకుండా మిగిలింది. నా రెండో పరిశోధన పత్రం చిత్తుప్రతిలో సగం ఆ పొద్దుటి వేళల్లో రాసిందే. ఏడున్నరకు డబ్బా సర్దుకుని సిటీ బస్సులో నెహ్రూ బస్‌స్టేషన్‌కు, అక్కడి నుంచి గుంటూరు బస్సులో వారధి దాటి, మంగళగిరి మీదుగా నాగార్జున యూనివర్సిటీ స్టాపుకు చేరేసరికి తొమ్మిదవుతుంది. తిరిగి గది చేరేది రాత్రి ఎనిమిదికి. ఆ వేళప్పుడు వంటకు కూర్చునే ఓపిక ఉండదు. సందు చివర కర్రీ పాయింటులో ముప్ఫై రూపాయలకు దొండకాయ వేపుడో, సొరకాయ పప్పో కట్టించుకుని వస్తే, స్నానం ముగిసేలోపు అన్నం సిద్ధమవుతుంది. గదుల్లో ఉండి చదువుకునే మా వంటి వాళ్లలో చాలామంది రాత్రి భోజనం ఇదే: కూర బజారుది, అన్నం మాత్రం మన చేతిది.

కుక్కర్ ఎలా ఆగుతుందో తెలుసుకున్నాక నా అన్నం బాగుపడింది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. గిన్నె కింద వేడి పలక ఉంటుంది. దాని నడుమ స్ప్రింగు మీద పైకీ కిందికీ కదిలే చిన్న బొడిపె ఉంటుంది, అందులో అయస్కాంతం. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, ఎందుకంటే ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. నీళ్లను బియ్యం పీల్చుకున్న మరుక్షణం అడుగు వేడి 100 దాటి పైకి పోతుంది. ఆ వేడికి అయస్కాంతం పట్టు సడలి, స్ప్రింగు మీటను పైకి నెడుతుంది. జపానులో 1955లో తొషీబా అమ్మకానికి తెచ్చిన తొలి ఆటోమేటిక్ రైస్ కుక్కర్‌లో ఇంకో ఏర్పాటు ఉండేదట. బయటి గిన్నెలో పోసిన నీళ్లు సుమారు 20 నిమిషాల్లో ఆవిరైపోగానే స్విచ్ ఆగేది. ఏ ఏర్పాటైనా ఇందులో గమనించాల్సింది ఒకటే. కుక్కర్‌కు అన్నం ఉడికిందని తెలియదు, నీళ్లు అయిపోయాయని మాత్రమే తెలుస్తుంది. నీళ్లు తక్కువ పోస్తే పలుకుగా ఉండగానే ఆగిపోతుంది, ఎక్కువ పోస్తే మెత్తటి ముద్దయ్యేదాకా ఉడికిస్తూనే ఉంటుంది. ఎసరు కొలత పూర్తిగా మన బాధ్యత.

ఆ కొలత బియ్యాన్ని బట్టి మారుతుంది. మా ఇంటి నుంచి వచ్చేవి బీపీటీ 5204, అంటే సాంబా మసూరి బియ్యం. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ రకం గుంటూరు, కృష్ణా జిల్లాల ఇళ్లలో ఎంతగా అలవాటైపోయిందంటే సన్నబియ్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. ఏడాది దాటిన పాతబియ్యానికి గ్లాసుకు రెండుంపావు గ్లాసుల నీళ్లు పడతాయి. సంక్రాంతికి వచ్చే కొత్తబియ్యానికి ఒకటిన్నర, మహా అయితే ఒకటీ ముప్పావు చాలు. ఆ తేడా తెలియక మొదటి ఏడాది జనవరి అంతా జావలాంటి అన్నం తిన్నాను. అమ్మ ఫోనులో, "బియ్యం మీద నీళ్లు చూపుడువేలు మొదటి కణుపు దాకా రావాలి, అత్తెసరు పెట్టడమంటే అదే కదా" అని చెప్పింది. అప్పుడు అర్థమైంది, గంజి వార్చకుండా సరిపడా ఎసరుతో వండే మన పాత పద్ధతినే ఈ యంత్రం చేస్తోందని. ఇల్లుగలావిడకు మాత్రం చాలాకాలం నమ్మకం కుదరలేదు. "ఏమ్మా, వార్చని అన్నం ఒంటికి పడుతుందా?" అని మెట్ల మీద కనిపించినప్పుడల్లా అడిగేవారు.

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది 2023 వేసవిలో జరిగింది. కుళాయి దగ్గర కడుగుతుండగా గిన్నె చేయి జారి సిమెంటు గట్టు మీద పడింది. బయటికి ఏమీ కనిపించలేదు. ఆ మర్నాటి నుంచి అన్నం ఒక పక్క మాడుతూ, మరో పక్క పలుకుగా రావడం మొదలైంది. బియ్యం మారిందనుకున్నాను, నీళ్లు మార్చాను, నానబెట్టే సమయం పెంచాను. దాదాపు రెండు నెలలు ఇలాగే గడిచాయి. చివరికి ఒక ఆదివారం గిన్నెను బోర్లించి, అడుగు మీద స్టీలు స్కేలును నిలువుగా ఆనించి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. స్కేలు అంచుకూ అడుగుకూ మధ్య, నడుమ నుంచి కొంచెం పక్కగా, దారమంత వెలుగు కనిపించింది. అడుగు సొట్టపోయింది. పలక వేడి గిన్నెకు తగలాలంటే రెండూ ఒకదానికొకటి పూర్తిగా అంటుకుని ఉండాలి. దారమంత సందున్నా అక్కడ వేడి అందదు, బొడిపెకు కూడా తప్పుడు వేడే తగులుతుంది. కంపెనీ సర్వీసు కేంద్రంలో ఆ కొలత గిన్నె విడిగా రాదన్నారు, కొత్త కుక్కరే కొనమన్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది, ఎందుకంటే ఫెలోషిప్ లేకుండా పార్ట్‌టైం పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొస్తున్న నెలలవి. వన్‌టౌన్‌లో ఒక గిన్నెల కొట్టులో పెద్దాయన దాన్ని చదునైన దిమ్మె మీద బోర్లించి, చెక్కసుత్తితో అంచు నుంచి నడుముకు మెల్లగా తట్టుకుంటూ వచ్చారు. ప్రతి పది దెబ్బలకూ నా స్కేలే అడిగి తీసుకుని పరీక్షించారు. యాభై రూపాయలు తీసుకున్నారు. ఆ గిన్నె ఈ రోజుకూ వాడుతున్నాను.

దాని తర్వాత అబ్బిన అలవాటు ఒకటుంది. గిన్నె లోపల పెట్టేముందు అడుగును పొడిగుడ్డతో తుడిచి, పలక మీద అరచేయి ఆడించి చూస్తాను, అదీ అది చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. ఒక్క మెతుకు ఎండి అతుక్కున్నా ఆ సొట్ట చేసిన పనే చేస్తుంది. పెట్టాక గిన్నెను అటూ ఇటూ అరచుట్టు తిప్పితే సరిగ్గా కూర్చుంటుంది.

రెండో లోపం పొంగు. రెండు గ్లాసులకు మించి బియ్యం పోస్తే గంజి మూత సందుల్లోంచి పొంగి పలక దాకా కారుతుంది. బియ్యం మూడుసార్లు బాగా కడిగి, అరచెంచా నూనె వేస్తే చాలావరకు తగ్గుతుంది. మూడో ఏట ఒకసారి అసలు వెలగలేదు. విప్పించి చూస్తే థర్మల్ ఫ్యూజు పోయింది. వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసే చిన్న భాగం అది. మార్చడానికి మెకానిక్ 120 రూపాయలు తీసుకున్నాడు. ఇది లోపం కాదు, అది చేయాల్సిన పనే చేసింది. ఫ్యూజు తీసేసి తీగ కలిపేస్తే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకండి.

అన్నాన్ని వెచ్చగా ఉంచే ఏర్పాటు గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే నా చదువు సూక్ష్మజీవశాస్త్రం. వరి మాగాణి మట్టిలో భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాను వేరుచేయడం నా పరిశోధన. ఆ మట్టిలోనే, బియ్యం గింజ మీద కూడా, బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని సిద్ధబీజాలు, అంటే గడ్డు పరిస్థితులను తట్టుకోవడానికి అది తయారుచేసుకునే గట్టి బీజాలు, 100 డిగ్రీల మరుగుకు చావవు. మా ల్యాబులో ఆటోక్లేవ్‌ను, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టి సూక్ష్మజీవులను చంపే యంత్రాన్ని, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు నడిపేది అటువంటి వాటికోసమే. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. 60 డిగ్రీలకు పైన ఉంటే ఆ ప్రమాదం ఉండదు. అందుకని ఒకరోజు థర్మామీటరు గుచ్చి కొలిచాను. గంట తర్వాత నడుమ 72, నాలుగు గంటల తర్వాత 66 డిగ్రీలు ఉంది. అంచుల్లో అన్నం ఎండి పసుపెక్కుతోంది తప్ప సురక్షితంగానే ఉంది. కానీ కరెంటు పోతే మూత కింద అన్నం మెల్లగా చల్లారుతూ సరిగ్గా ఆ ప్రమాదకరమైన వెచ్చదనం దగ్గరే చాలాసేపు నిలుస్తుంది. పొద్దున్న వండి, వెచ్చగా ఉంచే మీట మీద వదిలేసి ల్యాబుకు వెళ్లి, రాత్రి వచ్చి తినే స్నేహితులు నాకున్నారు. దయచేసి అలా చేయకండి. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా రెండు పూటలా వండుకోండి. ఒక వాయికి నా 400 వాట్ల కుక్కర్ 25 నిమిషాల్లో కాల్చేది యూనిట్‌లో ఆరోవంతు. యూనిట్‌కు ఎనిమిది రూపాయల చొప్పున ఇంటివారికి కట్టినా రూపాయిన్నర దాటదు.

కరెంటు మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో చూశాను. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే, ఇటు బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచేశాయి. మా వీధిలో కింది అంతస్తులన్నీ నీళ్లలో ఉన్నాయి. ఐదు రోజులు కరెంటు లేదు. మొదటి అంతస్తులోని నా గదిలో పది కిలోల బియ్యం, పనికిరాని కుక్కర్ పక్కపక్కనే ఉన్నాయి. రెండో రోజు ఇల్లుగలావిడ పై నుంచి పిలిచి, "బియ్యం పట్టుకురా అమ్మా, మా గ్యాసు మీదే అందరికీ కలిపి వండేద్దాం" అన్నారు. తాగే నీళ్లే కరువైన ఆ రోజుల్లో అన్నం వార్చిన గంజిని పారబోయకుండా ఉప్పు వేసి అందరం తలా ఒక గ్లాసు తాగాం. పడవల్లో, డ్రోన్లతో పొట్లాలు అందేవరకు ఆ వంటే మమ్మల్ని నిలబెట్టింది. నీళ్లు తీశాక నేను కొన్న మొదటి వస్తువు ఐదు కిలోల చిన్న గ్యాస్ సిలిండరు. కుక్కర్ కొనే ప్రతి ఒక్కరికీ ఇదే చెబుతాను, దాని పక్కన కరెంటు అక్కరలేని పొయ్యి ఒకటి ఉండాలి.

అన్నం కాక ఇంకేం వండొచ్చంటే, ఉప్మా, పెసరపప్పు, కిచిడీ బాగా వస్తాయి. గుడ్లు, చిలగడదుంపలు ఉడికించుకోవచ్చు. కందిపప్పు మాత్రం గంటసేపు నానబెట్టినా ఇందులో సరిగ్గా మెత్తబడదు, దానికి ప్రెషర్ కుక్కరే నయం. చింతపండు, గోంగూర వంటి పులుపు అల్యూమినియం గిన్నెలో ఉడికించవద్దు.

ఒక్కరే ఉంటే ఒక లీటరు సరిపోతుంది. గదిలో ఇద్దరుంటే 1.8 లీటర్లది తీసుకోండి. నా రూమ్మేట్ ఉన్న రెండేళ్లూ మేము రాత్రిపూట రెండు వాయిలు వండుకోవలసి వచ్చింది. కొనేటప్పుడు రంగూ, మూత అందమూ చూడకుండా గిన్నె విడిగా దొరుకుతుందో లేదో అడగండి, దొరికితే రెండోది అప్పుడే కొని ఉంచుకోండి. పీహెచ్‌డీకి యూజీసీ ఇచ్చే గరిష్ఠ గడువు ఆరేళ్లు. నేను ఐదో ఏట ఉన్నాను, నా కుక్కర్ కూడా. థీసిస్ సమర్పించే ముందు ఇవ్వాల్సిన ప్రీ సబ్మిషన్ సెమినార్ ఫిబ్రవరిలో ఉంటుంది. ఆలోపు ఏ ఆదివారమైనా విజయవాడ వైపు వస్తే ముందురోజు ఒక మాట చెప్పండి. ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడీ నెయ్యీ ఉన్నాయి, మొదటి వాయి హాట్‌ప్యాక్‌లోకి తీసి రెండోది పెట్టేస్తాను.