మెట్ మ్యూజియంలో ఆస్టర్ కోర్ట్: ఖాళీ కోసం కట్టిన ప్రాంగణం

ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి. ఒక్క చదరపు అడుగు కూడా వృథా కాకూడదన్నది మా దగ్గరికి వచ్చేవారి మొదటి షరతు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం రెండో అంతస్తులోని ఆస్టర్ కోర్ట్ అనే చైనా తోట తరహా ప్రాంగణంలో మాత్రం నడిమి భాగమంతా ఖాళీ. రాళ్లు, నడవా, సగం మంటపం అన్నీ గోడల వెంబడే ఒదిగి ఉంటాయి.

చైనాలోని సుజౌ నగరంలో వాంగ్‌షి తోట ఉంది. అందులోని ఒక ప్రాంగణం దీనికి నమూనా. సుజౌ నుంచి వచ్చిన 27 మంది పనివారు కట్టారు, 1981లో తెరిచారు. నాన్ అనే చైనా కలపతో చేసిన స్తంభాలను తప్పకుండా దగ్గరగా చూడండి. ఆ చేతిపని చూస్తుంటే నాకు అసూయ కలిగింది.

గుండ్రని చంద్రద్వారం దాటగానే మధ్యలోకి వెళ్లి ఫొటో తీసుకోకండి. పక్కనున్న నడవాలో మెల్లగా నడవండి. స్తంభం దాటిన ప్రతిసారీ దృశ్యం మారుతుంది. చైనాలోని తైహు సరస్సు నుంచి వచ్చిన, కంతలు పడిన రాళ్ల కింద నిలబడి తల ఎత్తితే అవి కొండలవుతాయి. వాటి కంతల గుండా చూస్తే లోతు తెలుస్తుంది.

కొండల చిత్రాల్లో దూరాన్ని చూపడానికి 11వ శతాబ్దపు చైనా చిత్రకారుడు గువో షి చెప్పిన మూడు దూరాలు ఇవే: కొండ కింద నుంచి శిఖరానికి, ముందు నుంచి వెనుక కొండల్లోకి, దగ్గరి కొండ నుంచి దూరపు కొండలకు. చూసేవాణ్ణి ఒకచోట నిలబెట్టేసే పద్ధతి కాదది. కన్ను నడుస్తూనే ఉండాలి. ఆయన వేసిన ‘ముసలి చెట్లు, సమతల దూరం’ అనే పట్టు చుట్టచిత్రం ఈ మ్యూజియం సేకరణలోనే ఉంది. అలాంటి చిత్రాన్ని కుడి నుంచి ఎడమకు, కొంచెం కొంచెంగా విప్పుతూ చూసేవారు. అందులో రంగు తగలని పట్టే పొగమంచు, అదే దూరం. వెలుతురుకు పాడవుతాయని ఇలాంటి చిత్రాలను మారుస్తూ ఉంటారు కాబట్టి, ప్రదర్శనలో ఉందో లేదో వెబ్‌సైటులో చూసుకుని బయలుదేరండి.

లోటు ఒక్కటే: పైన గాజు కప్పు. వాన, గాలి సుజౌ తోటలకు రాళ్లంత ముఖ్యం. అవి ఇక్కడికి రాలేవు.

పెద్దల టికెట్ 30 డాలర్లు, బుధవారం సెలవు. ఈజిప్టు విభాగమంతా తిరిగి అలసిన కాళ్లతో కాకుండా, ఉదయం తలుపులు తీయగానే నేరుగా ఇక్కడికే రండి.