మట్టి ఇటుకలతో మళ్ళీ కట్టించాం, మిచౌంగ్ తుఫాను వానకు ఏమైందంటే

2021 నవంబర్ వానలు గుర్తున్నాయిగా. తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయిస్తుంటే ఆవుల్ని తోలుకుని మేనమామ ఇంటికి పోయినవాళ్ళలో మేమూ ఉన్నాం. కట్ట నిలబడింది కానీ మా పాత మట్టి మిద్దె వెనక గోడలు రెండూ నాని కూలిపోయాయి.

మరుసటి ఎండాకాలం తిరుపతి నుంచి మట్టి ఇటుకల టీమ్‌ని పిలిచాను, నలుగురు కుర్రాళ్ళు, ఒక ముసలి బేల్దారి. "వానకు పోయింది మట్టేగా నాయనా, మళ్ళీ మట్టేనా" అని మా అవ్వ రోజూ సణుగుడే.

వాళ్ళు రాగానే ఇల్లు చూడలేదు, కూలిన మట్టిని చూశారు. గాజు సీసాలో సగం దాకా ఆ మట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా ఊపి అరుగు మీద పెట్టారు. తెల్లారేసరికి ఇసుక అడుగున, బంక పైన పొరలుగా తేరుకుంది. బంక ఎక్కువుంది, ఇసుక కలపకపోతే పగుళ్ళొస్తాయన్నారు. జల్లెడ పట్టి, ఇసుకా నూటికి ఐదు పాళ్ళు సిమెంటూ కలిపి, చేత్తో నొక్కే ప్రెస్ మిషన్‌లో ఇటుకలు ఒత్తారు. బట్టీ లేదు, కట్టెలు కాల్చేది లేదు. కాకపోతే నాలుగు వారాలు గోనెపట్టాలు కప్పి తడపాలి, ఆ నీళ్ళు పోసే పని మనదే, ఈ సంగతి ముందు చెప్పరు!

పునాది రాతితో, నేలకు రెండడుగులు పైకి లేపి కట్టారు (రాయికేం కొదవ మనవైపు). పాత గోడలకు అడుగున రాయి లేక, నిలిచిన నీళ్ళు పీల్చి కూలాయని ఆ ముసలాయన చూపించేదాకా నాకూ తెలీదు.

ఇక తిట్లు. రెండు నెలలన్నారు, ఐదు పట్టింది. ఖర్చు తగ్గుతుందని ఆశపడకండి, మెటీరియల్‌లో మిగిలింది కూలీకి పోయింది. అన్నిటికన్నా పెద్ద తప్పు, చూరు కురచగా దించారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరైనా వాన మనల్నీ కుమ్మేసింది. గోడ చెక్కుచెదరలేదు, కానీ చూరు నీళ్ళు నేల మీద పడి ఎగిరి, పడమటి గోడకు కింద సున్నపు పూత ఊడిపోయింది. ఫోన్ చేస్తే మూడు వారాలకు వచ్చారు. వచ్చాక మాత్రం పైసా అడగలేదు, చూరు పొడిగించి, కింద కంకర పరిచి పోయారు.

గోడలకైతే ధైర్యంగా పిలవండి. చూరు గోడ దాటి ఎన్ని అడుగులు రావాలో పని మొదలుకాకముందే రాయించుకోండి. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని టెన్షన్‌లో ఉన్నవాళ్ళు వీళ్ళ జోలికి పోవద్దు.