నల్లతుమ్మ, కస్తూరి తుమ్మ: ఒకే పసుపు పూత, రెండు వేర్వేరు జాతులు
గోదావరి డెల్టా కాలువ గట్లపై పసుపు బంతుల్లా పూసే ప్రతి ముళ్ల మొక్కనూ నల్లతుమ్మగా భావించడం పొరపాటు. వాటిలో కస్తూరి తుమ్మ కూడా ఉండవచ్చు. రెండూ చిక్కుడు కుటుంబానివే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ మైమోసా అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల సమూహంలో) చేర్చిన వీటిని తరువాత చాలాకాలం అకేషియాగా వ్యవహరించారు. అయితే 2005లో వియన్నా వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియాలో వాటిల్ అని పిలిచే చెట్ల జాతులకు నిలపడంతో, ఇవి వాచెల్లియా ప్రజాతిలోకి మారాయి. నల్లతుమ్మ మన ఉపఖండానికి సహజమైనది. వరదనీటినీ కొంత ఉప్పదనాన్నీ ఓర్చి వృక్షంగా ఎదుగుతుంది. కస్తూరి తుమ్మ అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన పొద. దాని పూల పరిమళం ఎంత గొప్పదంటే, ఫ్రాన్సులో వాటి నుంచి అత్తరు తీశారు. గుర్తింపుకు నేను కాయనే నమ్ముతాను: నల్లతుమ్మది గింజగింజకూ నొక్కుపడిన పూసలదండలా ఉంటుంది, కస్తూరి తుమ్మది ఉబ్బిన గొట్టంలా ఉంటుంది.