వాడేసిన గ్లౌజులు, గౌన్లు ‘డిస్‌ఇన్ఫెక్ట్ చేశాం’ (క్రిములు పోగొట్టాం) అంటూ మళ్లీ అమ్ముతున్నారు, జాగ్రత్త!

ఇంట్లో పేషెంటు కోసం గ్లౌజులు, గౌన్లు కొనేవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి.

మా మామగారికి హెపటైటిస్ బి (రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు). మంచాన పడి వీపంతా పుండ్లు, డ్రెస్సింగ్ ఇంట్లోనే. వాట్సాప్‌లో హోల్‌సేల్ రేటుకిస్తానన్న ఒకతని దగ్గర నైట్రైల్ (సింథటిక్ రబ్బరు) గ్లౌజులు, డిస్పోజబుల్ గౌన్లు తెప్పించాం. అట్టపెట్టె కొత్తదే. లోపల గ్లౌజులకు మాత్రం వేళ్లు అతుక్కుపోయి ఉన్నాయి, మణికట్టు దగ్గర అంచు సాగిపోయింది, బ్లీచింగ్ వాసన. ఒకదాని మీద పెన్నుతో రాసిన అంకె సగం చెరిగి కనిపిస్తోంది! గౌను నాడాలకు పాత ముడుల నలుగుళ్లు. గౌను చేతి మీద చెంచాడు నీళ్లు పోస్తే ఇట్టే లోపలికి దిగాయి. డ్రెస్సింగ్‌కి వచ్చే సిస్టర్ గ్లౌజు తొడుక్కోగానే బొటనవేలి దగ్గర చిరిగింది. ఆవిడ వ్యాక్సిన్ వేయించుకున్నారు కాబట్టి కాస్త నయం.

ఫోన్ చేస్తే అతను దాచలేదు కూడా. "వాడినవే మేడమ్, కానీ డిస్‌ఇన్ఫెక్ట్ చేశాం, కొత్తవాటితో సమానం" అన్నాడు. సమానం ఎలా అవుతాయి? కడిగినా, స్పిరిట్ కొట్టినా పల్చటి గ్లౌజుకు కంటికి కనపడని చిల్లులు పడొచ్చు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. ఆసుపత్రుల్లో కాటన్ గౌన్లు ఉతికి, ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో క్రిముల్ని చంపి) మళ్లీ వాడతారు, నిజమే. అవి అందుకోసం కుట్టినవి. ఇవి ఒక్కసారికే.

ఇదేమీ కొత్త దందా కాదు. 2020 ఆగస్టులో నవీ ముంబైలో వాడేసిన గ్లౌజులు కడిగి మళ్లీ అమ్మకానికి సిద్ధం చేస్తున్న చోట పోలీసులు దాడి చేసి పట్టుకున్నారు.

పెట్టె మీద కొట్టివేసిన 2 అంకె గుర్తు ఉంటే ఒక్కసారే వాడాలని అర్థం. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ లేకపోతే తీసుకోకండి. డబ్బులిచ్చే ముందే ఒక పెట్టె విప్పి చూడండి. బిల్లు అడగండి, నసిగితే వదిలేయండి. మోసపోతే 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయొచ్చు, జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కీ ఫిర్యాదు చేయొచ్చు. మేం చేశాం, పెట్టె కూడా అలాగే దాచి ఉంచాం.

ఇంకోమాట. మీరు వాడిన గ్లౌజుల్ని కత్తెరతో కత్తిరించి పారేయండి. అలాగే వదిలేస్తే ఎవరో ఏరుకెళ్లి కడిగి అమ్ముతారు.